మధ్య చెవిని కంప్యూటర్లో కట్టడం: ముందు కాగితం, తర్వాత సర్క్యూట్, ఆ తర్వాతే త్రీడీ

మధ్య చెవి మోడల్ చేద్దాం అనుకోగానే చాలామంది ఏం చేస్తారంటే, ఒక మంచి స్కాన్ సంపాదించి, మూడు ఎముకల్నీ మూడు రంగుల్లో సెగ్మెంట్ చేసి (అంటే స్కాన్‌లో ఒక్కోదాన్నీ విడిగా గుర్తించి), స్క్రీన్ మీద తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోతారు. నేనూ అదే చేశా, రెండున్నర నెలలు. ఎముకలు భలే వచ్చాయి, స్క్రీన్‌షాట్లు తీసి అందరికీ పంపా, తీరా సాల్వర్ (సమీకరణాలు లెక్క కట్టే ప్రోగ్రామ్) రన్ చేస్తే 1 కిలోహెర్ట్జ్ దగ్గర సూదిలాంటి పీక్ ఒకటి లేచి కూర్చుంది, అసలు మనిషి చెవిలో అలాంటిది ఉండనే ఉండదు. వారం రోజులు మెష్ (ఆకారాన్ని చిన్న ముక్కలుగా కోసిన వల) తప్పు మెష్ తప్పు అనుకుంటూ తిరిగా. చివరికి చూస్తే లోపలి చెవి లోడ్ పెట్టడమే మర్చిపోయా, అంకవన్నె, అంటే లోపలి చెవికి ఆనుకునే చివరి ఎముక, గాల్లో ఊగుతోంది. పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చంగా అదే.

అందుకే ఇక్కడ ఆర్డర్ తిరగేసి చెప్తున్నా. కాస్త వైబ్రేషన్స్ తెలిసి, ఫైనైట్ ఎలిమెంట్ అనే మాట విని, పైథాన్‌లో నాలుగు లైన్లు రాయగలిగితే చాలు. పేర్ల విషయం ముందే చెప్పేస్తా, స్కూల్ పుస్తకాల్లో కూటకం, దాగలి, అంకవన్నె అని చదువుకున్నవే పేపర్లలో మ్యాలియస్, ఇన్కస్, స్టేపీస్ అని కనపడతాయి, నేను ఏది నోటికొస్తే అది వాడతా.

ముందు కాగితం మీద

కర్ణభేరి మీద పడ్డ శబ్దాన్ని మూడు ఎముకల గొలుసు లోపలి చెవిలోని ద్రవానికి అందిస్తుంది, మధ్య చెవి పని ఇంతే. గాలి తేలిగ్గా కదులుతుంది, ద్రవం కదలదు, అందుకని మధ్యలో ప్రెషర్ పెంచే ఏర్పాటు కావాలి. కర్ణభేరిలో నిజంగా పనిచేసే ఏరియా సుమారు 55 చదరపు మి.మీ., అంకవన్నె పాదం 3.2 చదరపు మి.మీ., అంటే 17 రెట్లు. ఎముకల లివర్ వల్ల ఇంకో 1.3 రెట్లు. రెండూ గుణిస్తే 22, డెసిబెల్స్‌లో 27. ఇది ఐడియల్ లెక్క. చనిపోయినవాళ్ళు దానం చేసిన చెవుల మీద కొలిస్తే 1 కిలోహెర్ట్జ్ దగ్గర 23, 24 డెసిబెల్స్ వస్తుంది, అటూ ఇటూ పోయేకొద్దీ తగ్గుతుంది. ఎందుకంటే కర్ణభేరి పిస్టన్‌లా ఒక్క ముక్కగా కదలదు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ముక్కలు ముక్కలుగా ఒకటి లోపలికి ఒకటి బయటికి ఊగుతుంది. మీ త్రీడీ మోడల్ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 27 చూపిస్తే సంబరపడకండి, ఎక్కడో ఏదో తప్పింది.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. గాలికీ నీటికీ ఇంపిడెన్స్ (శబ్దం కదలికని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) తేడా 3600 రెట్లు, అందుకే 99.9 శాతం శబ్దం వెనక్కి పోతుంది అని చాలా చోట్ల రాస్తారు. అది అంతులేని సముద్రానికి సరిపోయే లెక్క, మన చెవిలో ఉన్నది సముద్రం కాదు కదా. కాక్లియా (లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే వినికిడి భాగం) ఇన్‌పుట్ ఇంపిడెన్స్ కొలిస్తే సుమారు 20 గిగా ఓమ్స్ వచ్చింది, అంటే 20 × 10⁹ పాస్కల్ సెకండ్ పర్ క్యూబిక్ మీటర్. దాన్ని పాదం ఏరియాతో గుణిస్తే 64,000 వస్తుంది, గాలిది 415, అంటే తేడా 150 రెట్లు మాత్రమే. ఇప్పుడు అదే 20 గిగా ఓమ్స్‌ని 22 స్క్వేర్‌తో భాగించి కర్ణభేరి వైపు నుంచి చూడండి, 4 కోట్ల చిల్లర. 7 మి.మీ. వ్యాసం ఉన్న చెవి కాలువలో గాలి ఇంపిడెన్స్ కోటి పైచిలుకు. నాలుగు రెట్ల తేడా మిగిలిందంతే! ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నాకు భలే అనిపించింది, రెండున్నర నెలల సెగ్మెంటేషన్‌లో రాని అర్థం పది నిమిషాల్లో వచ్చింది.

తర్వాత సర్క్యూట్

ప్రెషర్‌ని వోల్టేజ్ అనుకోండి, ఒక సెకనులో కదిలిన గాలి వాల్యూమ్‌ని కరెంట్ అనుకోండి. బరువు ఉన్న చోట ఇండక్టర్, స్ప్రింగ్‌లా సాగే చోట కెపాసిటర్, రాపిడి ఉన్న చోట రెసిస్టర్. మోలర్ 1961లో, జ్విస్లోకి 1962లో ఇలాంటి సర్క్యూట్లు వేశారు, 1988లో క్రింగిల్‌బోట్న్ వేసింది ఇప్పటికీ జనం వాడుతున్నారు. పాత పద్ధతి కదా అని తీసిపారేయకండి, త్రీడీ మోడల్ గంటలు తీసుకునే జవాబుని ఇది రెప్పపాటులో ఇస్తుంది, పైగా ఏ భాగం ఏం చేస్తోందో చూపిస్తుంది.

ఒక కాంపొనెంట్ ఎలా వస్తుందో చూపిస్తా, మిగతావి మీకే అర్థమవుతాయి. కర్ణభేరి వెనక ఉన్న గాలి గది, దాంతో కలిసున్న మాస్టాయిడ్ ఎముకలోని గాలి అరలు, అన్నీ కలిపి సుమారు 6 క్యూబిక్ సెంటీమీటర్లు (మనిషిని బట్టి చాలా మారుతుంది). గాలి ఎంత గట్టిగా వెనక్కి నెడుతుందో చెప్పే నంబర్ 1,42,000 పాస్కల్స్, అది వాతావరణ ప్రెషర్‌ని 1.4తో గుణిస్తే వస్తుంది. వాల్యూమ్‌ని క్యూబిక్ మీటర్లలోకి మార్చి, అంటే 6 × 10⁻⁶, దాన్ని 1,42,000తో భాగిస్తే 4.2 × 10⁻¹¹. ఇదే మీ కెపాసిటర్. దీన్ని కర్ణభేరితో సిరీస్‌లో పెట్టాలి, ఎందుకంటే కర్ణభేరి ఎంత గాలిని నెడితే అంతే ఈ గదిలోకి వస్తుంది. ప్యారలల్‌లో పెట్టినవాళ్ళని చూశా, కర్వ్ చూడ్డానికి బాగానే ఉంటుంది, అర్థం మాత్రం ఉండదు.

కాక్లియాకి ఒక రెసిస్టర్, అంకవన్నె చుట్టూ ఉన్న లిగమెంట్‌కి (ఎముకని పట్టుకునే పట్టీ లాంటిది) ఒక కెపాసిటర్, ఎముకల బరువుకి ఇండక్టర్, మధ్యలో 22 రెట్ల ట్రాన్స్‌ఫార్మర్. 100 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా లాగ్ స్కేల్‌లో ఒక 60 పాయింట్లు తీసుకుని పైథాన్‌లో కాంప్లెక్స్ నంబర్లతో ప్లాట్ చేసేయండి. ఒక్కో విలువనీ పదింతలు పెంచి, పదో వంతు చేసి చూడండి, ఒక సాయంత్రం దీనితోనే ఆడుకోండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో అంతా స్ప్రింగులదే రాజ్యం, 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల రెసొనెన్స్, ఆ పైన బరువులు పెత్తనం చేస్తాయి. ఇది వేళ్ళకి అలవాటైతే త్రీడీలో తప్పు దొర్లినప్పుడు కర్వ్ చూడగానే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

ఇప్పుడు స్కాన్

ఆసుపత్రిలో తీసే మామూలు సీటీ స్కాన్‌లో ఒక్కో స్లైస్ అర మి.మీ. ఉంటుంది, కర్ణభేరి మందం 0.1 మి.మీ. కూడా ఉండదు, ఇక ఆ సీటీలో ఏం కనపడుతుంది? మైక్రో సీటీ కావాలి, వోక్సెల్ (త్రీడీ పిక్సెల్) 20 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటే హాయి. లిగమెంట్లు, టెండన్లు మామూలు మైక్రో సీటీలో కూడా సరిగ్గా కనపడవు, అయోడిన్‌తోనో ఫాస్ఫోటంగ్‌స్టిక్ యాసిడ్‌తోనో స్టెయిన్ చేసినవైతే కనపడతాయి. సొంత స్కాన్ లేకపోతే ఓపెన్ఇయర్ అని 2019లో ఫ్రీగా పెట్టిన డేటా ఉంది, ఎనిమిది టెంపొరల్ బోన్స్ (పుర్రెలో చెవి ఉండే ఎముకలు) త్రీడీ మోడల్స్‌తో సహా, నేర్చుకోడానికి చక్కగా సరిపోతుంది.

సెగ్మెంటేషన్‌కి త్రీడీ స్లైసర్ గానీ ఐటీకే-స్నాప్ గానీ వాడండి, రెండూ ఫ్రీ. స్మూతింగ్ దగ్గర చేయి అదుపులో పెట్టుకోండి. అంకవన్నెకి రెండు సన్నటి కాళ్ళుంటాయి, స్మూతింగ్ బటన్ నాలుగుసార్లు నొక్కితే ఆ కాళ్ళు పుల్లల్లా అయిపోయి, ఐదోసారికి తెగిపోతాయి. ఇంకో చిలిపి ప్రాబ్లం ఏంటంటే, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఫైల్ పంపేటప్పుడు అక్షాల గుర్తులు మారిపోయి కుడి చెవి ఎడమ చెవి అవుతుంది. కంపనం లెక్కకి దాంతో నష్టం లేదు గానీ, తర్వాత కొలత దిశ పోల్చేటప్పుడు కొంప మునుగుతుంది, అందుకని మొదట్లోనే ఏ చెవో ఫైల్ పేరులో రాసిపెట్టుకోండి.

కర్ణభేరి మందాన్ని మాత్రం స్కాన్ నుంచి తియ్యాలని చూడకండి. దాన్ని ఒక సర్ఫేస్‌గా గీసి, మందం నంబర్‌గా ఇచ్చి షెల్ ఎలిమెంట్లు (పల్చటి పొరల కోసం చేసినవి) వాడండి. ఎందుకంటే అంత పల్చటి పొరలో ఒకే వరస లీనియర్ టెట్రా ఎలిమెంట్లు నింపితే అవి వంగలేవు, లాకింగ్ అంటారు దాన్ని, మెటీరియల్ ఎంత మెత్తగా ఇచ్చినా పొర రేకులా బిగుసుకుపోతుంది. సాలిడ్ ఎలిమెంట్లే కావాలంటే కనీసం క్వాడ్రాటిక్ వాడండి. ఇక కర్ణభేరి శంకు ఆకారంలో ఉంటుంది, మధ్యలో ఒకటిన్నర, రెండు మి.మీ. లోపలికి గుంజినట్టు. ఆ గుంట పోకుండా చూసుకోండి, బల్లపరుపు పొర పెడితే దాని బిగువంతా పోతుంది. ఈ వంపు గొడవ హెల్మ్‌హోల్ట్జ్ 1868లోనే పట్టుకున్నాడు, 1978లో ఫన్నెల్, లాస్లో పిల్లి కర్ణభేరికి ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ కట్టినప్పుడు కూడా అసలు కథ ఆ వంపు చుట్టూనే తిరిగింది.

మెటీరియల్ నంబర్లు, యూనిట్ల గోల

ఎముకలకి యంగ్స్ మాడ్యులస్ (మెటీరియల్ ఎంత గట్టిదో చెప్పే నంబర్) 14 గిగాపాస్కల్స్ అని చాలామంది పెడతారు, మీరూ పెట్టండి, అక్కడ 10 పెట్టినా 20 పెట్టినా మనకి కావాల్సిన ఫ్రీక్వెన్సీల్లో పెద్ద తేడా రాదు. కర్ణభేరికి బెకేషీ అనే శాస్త్రవేత్త 1949లో 20 మెగాపాస్కల్స్ అన్నాడు, తర్వాత వేరేవాళ్ళు 40 అన్నారు, పొరలు పొరలుగా లెక్కేసినవాళ్ళు ఇంకా చాలా ఎక్కువ చెప్పారు. 20, 40 మధ్య మొదలెట్టండి. లిగమెంట్ల నంబర్ల గురించి నా మాట నమ్మండి, పేపర్లలో ఉన్న వాటిలో చాలావరకు ఎవరూ కొలిచినవి కావు, కర్వ్ కలిసేదాకా తిప్పి తిప్పి పెట్టినవి, తర్వాతి పేపర్ వాళ్ళు అవే తీసుకున్నారు. తప్పని కాదు, టేబుల్‌లో ఉంది కదా అని దేవుడి మాటలా తీసుకోవద్దని అంతే.

యూనిట్లు. స్కాన్ మి.మీ.లో ఉంటుంది, మాడ్యులస్ మెగాపాస్కల్స్‌లో ఇస్తారు, అప్పుడు బరువు టన్నుల్లో ఉండాలి, అంటే కర్ణభేరి డెన్సిటీ 1200 కాదు, 1.2 × 10⁻⁹. చాలామంది కిలోలు అనుకుని 1.2 × 10⁻⁶ కొడతారు. వెయ్యి రెట్లు బరువు పెరిగితే రెసొనెన్స్ వెయ్యి వర్గమూలం, అంటే 32 రెట్లు కిందకి దిగుతుంది, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన పీక్ 30 హెర్ట్జ్ దగ్గర కనపడుతుంది. మీ పీక్ అక్కడెక్కడో ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, డెన్సిటీ చూడండి. ముందే పట్టుకోవాలంటే సాఫ్ట్‌వేర్‌ని ఎముకల బరువు అడగండి: కూటకం, దాగలి ఒక్కోటీ 25 మిల్లీగ్రాముల చుట్టుపక్కల, అంకవన్నె 3 మిల్లీగ్రాములు రావాలి.

డ్యాంపింగ్, అంటే ఊగడం ఎంత తొందరగా తగ్గిపోతుందన్నది, ఇంకో తలనొప్పి. సాఫ్ట్‌వేర్లన్నిటిలో రేలీ డ్యాంపింగ్ రెడీగా ఉంటుంది, బీటా 0.0001 సెకన్లు అని ఇచ్చేస్తారు. దానర్థం ఏంటో ఒకసారి చూడండి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర లాస్ ఫ్యాక్టర్ (ఎంత శక్తి పోతోందో చెప్పే నంబర్) 0.63, పర్లేదు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 6.3, అంటే పొర కాదు అది, తారు ముద్ద. పై ఫ్రీక్వెన్సీల్లో ఏదీ ఊగకుండా కర్వ్ నున్నగా వస్తుంది, మనమేమో ఆహా ఎంత స్మూత్‌గా ఉందో అనుకుంటాం. మీకు 3, 4 కిలోహెర్ట్జ్ పైన జవాబు కావాలంటే మాడ్యులస్‌కే కాంప్లెక్స్ భాగం ఇచ్చి, లాస్ ఫ్యాక్టర్ ఫ్రీక్వెన్సీతో పెద్దగా మారకుండా చూసుకోండి.

చివర్లు ఎక్కడ కట్టాలి, ఏం వేలాడదీయాలి

కూటకం, దాగలిని పట్టుకునే లిగమెంట్లు, రెండు కండరాల టెండన్లు, వీటి చివర్లు ఎముక గోడకి ఫిక్స్ చేయండి. దాగలికీ అంకవన్నెకీ మధ్య కీలు మెత్తగా ఉండాలి. కూటకానికీ దాగలికీ మధ్య కీలు కదలదని ఒకప్పుడు అనుకునేవాళ్ళు, మనిషి చెవిలో అది కూడా జారుతుందని కొలిచి చూపించారు, కాబట్టి రెండు ఎముకల్ని అతికించేయకండి. అంకవన్నె పాదం చుట్టూ ఉన్న వలయంలాంటి లిగమెంట్‌కి మీ టైమంతా ఇచ్చినా తప్పులేదు, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో మొత్తం గొలుసు బిగువు చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది.

కాక్లియా కోసం ద్రవం అంతా మోడల్ చేయక్కర్లేదు మొదట్లో. పాదం మీద ఒక డ్యాష్‌పాట్ (వేగం పెరిగేకొద్దీ ఎక్కువ అడ్డుకునేది) పెట్టండి. విలువ ఎంత? అకౌస్టిక్ ఇంపిడెన్స్‌ని పాదం ఏరియా స్క్వేర్‌తో గుణించాలి, 20 × 10⁹ ని 3.2 × 10⁻⁶ స్క్వేర్‌తో గుణిస్తే 0.2 న్యూటన్ సెకండ్ పర్ మీటర్. దీంతో ఇంకో చెక్ కూడా వస్తుంది. కర్ణభేరి మీద 1 పాస్కల్ పెడితే, అంటే 94 డెసిబెల్స్, పాదం మీద ఐడియల్‌గా 22 పాస్కల్స్, ఏరియాతో గుణిస్తే 7 × 10⁻⁵ న్యూటన్లు, దాన్ని 0.2తో భాగిస్తే సెకనుకి 0.35 మి.మీ. నిజం చెవిలో ఇంతకంటే తక్కువే ఉంటుంది గానీ ఆ సైజులోనే ఉంటుంది. మీకు 1 కిలోహెర్ట్జ్ దగ్గర 35 వచ్చిందంటే గానీ, 0.0035 వచ్చిందంటే గానీ మెష్ జోలికి పోకుండా యూనిట్లు, లోడ్ చూడండి.

సాల్వర్ విషయానికొస్తే, డబ్బుంటే కామ్‌సోల్, ఆన్సిస్, అబాకస్, లేకపోతే ఎల్మర్, కోడ్-ఆస్టర్ లాంటివి హార్మోనిక్ ఎనాలిసిస్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర జవాబు లెక్కించడం) చేస్తాయి. మెష్‌కి జీమెష్. మెష్ సైజు సగం చేసి మళ్ళీ రన్ చేయండి, మీకు కావాల్సిన పై ఫ్రీక్వెన్సీలో జవాబు 1 డెసిబెల్ కన్నా ఎక్కువ మారితే మెష్ సరిపోలేదు.

నిజంతో పోల్చడం

తక్కువ ఫ్రీక్వెన్సీల్లో చెవి స్ప్రింగ్ లాంటిది కదా, అందుకని కర్ణభేరి మధ్య బిందువు, అంబో అంటాం, దాని స్థానభ్రంశం ఫ్లాట్‌గా ఉండాలి, వేగం ఫ్రీక్వెన్సీ రెట్టింపు అయినప్పుడల్లా 6 డెసిబెల్స్ పెరగాలి, ఫేజ్ ప్రెషర్ కంటే 90 డిగ్రీలు ముందుండాలి. మైనస్ 90 వస్తే కంగారు పడకండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు టైమ్ గుర్తుని రివర్స్‌లో తీసుకుంటాయి, లేదా లోపలికి కదలడాన్ని మీరు నెగెటివ్ అనుకుని ఉంటారు. ఏదో ఒకటి ఫిక్స్ అయి చివరిదాకా అదే పట్టుకోండి.

లేజర్ వైబ్రోమీటర్ (లేజర్‌తో కంపనం వేగం కొలిచే పరికరం) డేటాతో పోల్చేటప్పుడు మూడు విషయాలు అడగాలి. మొదటిది, లేజర్ ఏ కోణంలో పడింది. అంకవన్నెని ఎదురుగా చూడటం కుదరదు, పక్కనుంచి చూస్తారు, 60 డిగ్రీలు పక్కకి ఉంటే పిస్టన్ కదలికలో సగమే కనపడుతుంది, అంటే 6 డెసిబెల్స్ హుష్ కాకి. కొందరు కొసైన్‌తో సరిచేసి వేస్తారు, కొందరు చేయరు. మీ మోడల్‌లోనూ అదే దిశలో వేగం తీసి పోల్చండి. రెండోది, కాక్లియాలో ద్రవం ఉందా, ఖాళీ చేశారా, ఖాళీ చేస్తే మీరూ డ్యాష్‌పాట్ తీసేయాలి. మూడోది గాలి గది మూసి కొలిచారా తెరిచి కొలిచారా. ఇవేం పట్టించుకోకుండా కర్వ్ కలవలేదని లిగమెంట్లు తిప్పుతూ కూర్చున్న రోజులు నాకున్నాయి, అవి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకా, మనుషుల మధ్యే 10 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటుంది. యావరేజ్ కర్వ్ మీద గీత గీసినట్టు కూర్చోబెట్టాలని చూడకండి, ఆ రేంజ్ లోపల ఉండి, ఆకారం సరిపోతే చాలు. దాని బదులు కర్ణభేరి మాడ్యులస్, మందం, వలయం లిగమెంట్, కాక్లియా లోడ్, డ్యాంపింగ్, ఈ ఐదింటినీ ఒక్కోటిగా రెట్టింపు, సగం చేసి ఏది ఎంత కదిలిస్తోందో రాసుకోండి.

జబ్బు పెట్టి చూడటం

నార్మల్ చెవి నిలబడ్డాకే ఇది. ఓటోస్క్లెరోసిస్ (అంకవన్నె పాదం బిగుసుకుపోయే జబ్బు) తేలిక, వలయం లిగమెంట్ మాడ్యులస్‌ని 10 రెట్లు, 100 రెట్లు చేయండి, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో అంకవన్నె వేగం పడిపోవాలి, రెసొనెన్స్ పైకి జరగాలి. రెండింటిలో ఏదీ జరక్కపోతే మీ మోడల్‌లో బిగువు ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట, చాలాసార్లు ఏదో ఒక టెండన్ అతిగా గట్టిగా ఇచ్చి ఉంటారు. ఎముక బదులు పెట్టే ప్రొస్థెసిస్‌ని (కృత్రిమ భాగాన్ని) కూడా ఇలాగే పెట్టి పరీక్షించొచ్చు, అక్కడ దాని బరువు కన్నా ఎంత బిగుతుగా, ఏ కోణంలో ఆనుకుందన్నదే ముందు చూడండి.

కర్ణభేరికి రంధ్రం మాత్రం చూసినంత తేలిక కాదు. మెష్‌లో గుండ్రంగా ఒక ముక్క కోసేస్తే అయిపోదు. రంధ్రం వల్ల వినికిడి తగ్గేది పొర తగ్గినందుకు కాదు, బయటి ప్రెషర్ రంధ్రంలోంచి లోపలి గదిలోకి దూరి పొరకి రెండు వైపులా దాదాపు సమానం అయిపోతుంది కాబట్టి, ముఖ్యంగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో. అంటే చెవి కాలువ గాలి, రంధ్రంలో గాలి, వెనక గదిలో గాలి, మూడూ అకౌస్టిక్ డొమైన్‌గా మోడల్‌లో ఉండాలి, పొరతో రెండు వైపులా కప్లింగ్ ఉండాలి. గాలి లేకుండా రంధ్రం కోసిన మోడల్‌లో నష్టం దాదాపు ఏమీ కనపడదు, అది చూసి రంధ్రం వల్ల ఏం కాదు అని తేల్చేయకండి. మధ్య చెవిలో ద్రవం చేరిన కేసుకీ ఇదే సంగతి: గాలి వాల్యూమ్ తగ్గడం తక్కువ ఫ్రీక్వెన్సీలని దెబ్బతీస్తుంది, పొరకి అంటుకున్న ద్రవం బరువు ఎక్కువ ఫ్రీక్వెన్సీలని దెబ్బతీస్తుంది, రెండూ విడివిడిగా పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

టింపనోమెట్రీ (చెవిలో ప్రెషర్ మార్చి కర్ణభేరి కదలిక చూసే పరీక్ష) చేద్దాం అనుకుంటే మాత్రం ఆగండి. అక్కడ 226 హెర్ట్జ్ టోన్ వేస్తూ చెవిలో ప్రెషర్‌ని ప్లస్ 200 డెకాపాస్కల్స్ నుంచి మైనస్ 200 దాకా తిప్పుతారు, ఆ ప్రెషర్‌కి కర్ణభేరి ఉబ్బి బిగుసుకుంటుంది. ఇందాకటి నుంచి మనం కట్టింది మొత్తం లీనియర్ మోడల్, మామూలు శబ్దాలకి అది నిక్షేపంగా సరిపోతుంది, దీనికి మాత్రం పనికిరాదు. ముందు స్టాటిక్ ప్రెషర్‌తో పెద్ద డిఫార్మేషన్ సాల్వ్ చేసి (దీనికి ఎఫ్ఈబయో బాగుంటుంది), లిగమెంట్లకీ పొరకీ సాగేకొద్దీ గట్టిపడే మెటీరియల్ ఇచ్చి, ఆ ఉబ్బిన ఆకారం చుట్టూ మళ్ళీ చిన్న కంపనాల లెక్క చేయాలి. మెటీరియల్ సెక్షన్ మొత్తం మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుంది.